బోటు కొన్నాం, మానటీ జోన్ల సంగతి కాస్త చెప్పండి

టాంపా రఘు:
అందరికీ నమస్కారం. మేం మూడు కుటుంబాల వాళ్లం కలిసి ఒక సెకండ్ హ్యాండ్ పాంటూన్ బోటు కొన్నాం. ఫ్లోరిడాలో అపోలో బీచ్ వైపు మెరీనాలో, అంటే బోట్లు నిలిపే చోట, పెట్టాం. మాలో ఎవరికీ ఇంతకు ముందు బోటు నడిపిన అనుభవం లేదు. మానటీలంటే నీళ్లలో గడ్డి మేస్తూ నెమ్మదిగా తిరిగే పెద్ద జంతువులు. ఇక్కడ ఎటు చూసినా వాటి కోసం బోట్ల వేగం తగ్గించమనే మానటీ జోన్ బోర్డులే. ఒకచోట ఐడిల్ స్పీడ్ అంటారు, ఇంకోచోట స్లో స్పీడ్ అంటారు, కొన్నిచోట్ల ఫలానా నెలల్లోనే అని రాసి ఉంటుంది. మా పార్ట్‌నర్లలో ఒకాయన "ఇవన్నీ ఎవరూ పట్టించుకోరు, ఆఫీసర్లు ఎప్పుడో గానీ కనపడరు" అంటున్నాడు. నాకు ఆ మాట నచ్చలేదు. ఈ రూల్స్ ఎందుకు పెట్టారు, వీటివల్ల ఆ జంతువులకి నిజంగా మేలు జరుగుతోందా అన్నది తెలిస్తే ఆయనకి నచ్చజెప్పగలను. తెలిసినవాళ్లు చెప్పండి.

శైలు (గెయిన్స్‌విల్):
రఘు గారూ, నేను వెటర్నరీ చదువుతున్నాను. గాయపడ్డ మానటీలకు వైద్యం చేసే చోట కొన్నాళ్లు సాయం చేశాను. మీ ఫ్రెండ్‌కి ముందు ఒక పెద్ద మానటీ వీపు ఫొటో చూపించండి. దువ్వెనతో గీసినట్టు సమాన దూరంలో తెల్లటి గాట్లు వరసగా ఉంటాయి. ప్రొపెల్లర్ తిరుగుతూ ముందుకు పోతుంది కాబట్టి అలా పడతాయి. పరిశోధకులు ఒక్కో మానటీని గుర్తుపట్టేది ఎక్కువగా ఆ మచ్చల్ని బట్టే. 2007 నుంచి 2016 వరకు ఫ్లోరిడాలో చనిపోయిన మానటీల్ని పరిశీలిస్తే, పెద్దవాటిలో నూటికి 96కి బోటు మచ్చలున్నాయి. ప్రతి నాలుగింటిలో ఒకటి పదిసార్లు, అంతకంటే ఎక్కువసార్లు దెబ్బ తిన్నదే.

అయితే కోతలకంటే గుద్దుడే ఎక్కువ ప్రమాదం. మానటీ పక్కటెముకల్లో మజ్జ ఉండదు. బరువుగా, గట్టిగా ఉంటాయి గానీ పెళుసు. ఊపిరితిత్తులు వీపు పొడవునా పరుచుకుని ఉంటాయి. బోటు అడుగుభాగం వచ్చి వీపు మీద గుద్దితే ఎముక విరిగి నేరుగా ఊపిరితిత్తిలో దిగుతుంది. పైకి చర్మం మీద చిన్న గీత కూడా ఉండదు. గాలి లోపల చేరిపోయి, అది నీళ్లలోకి మునగలేక ఒక పక్కకి ఒరిగి తేలుతూ ఉంటుంది. ప్రొపెల్లర్ చుట్టూ గార్డు పెడితే చాలదా అని చాలామంది అడుగుతారు. వేగంగా వచ్చి గుద్దే బోటు విషయంలో గార్డు ఏమీ చేయలేదు. వేగం తగ్గించడమొక్కటే మార్గం.

లెక్క చూడండి. గంటకు 30 మైళ్ల వేగంలో బోటు సెకనుకి 44 అడుగులు పోతుంది. వంద అడుగుల దూరంలో మానటీ ముక్కు కనపడితే మీ చేతిలో ఉన్నది రెండు సెకన్ల పైచిలుకు. 5 మైళ్ల వేగంలో అయితే దాదాపు 14 సెకన్లు. మీకూ టైముంటుంది, దానికీ టైముంటుంది. ఒకవేళ తగిలినా ఆ దెబ్బ శక్తి 36వ వంతే.

ఫోర్ట్ మయర్స్ వేణు:
శైలు గారు చెప్పినవాటిలో తప్పేమీ లేదు. కానీ రెండో వైపు కూడా చెప్పాలి. నాకు చేపల వేట అంటే ప్రాణం. కలూసహాచీ నదిలో ఏళ్ల తరబడి బోటు నడుపుతున్నాను. మూడు మైళ్ల స్లో జోన్ దాటడానికి 35 నిమిషాల పైనే పడుతుంది. అదే దూరం మామూలుగా ఏడు నిమిషాలు. పొద్దున్నే వెళ్లి ఎండ ముదరకముందే తిరిగి రావాలనుకునేవాడికి ఇది చిన్న విషయం కాదు. ఉరుములు మొదలైనప్పుడు బోటు ఒడ్డుకెక్కించే ర్యాంప్ చేరాలంటే ఇంకా టెన్షన్.

1991లో విమానాల మీంచి లెక్కపెడితే కనపడ్డ మానటీలు 1,267. 2021-22 సర్వేల ప్రకారం వాటి సంఖ్య 8,350 నుంచి 11,730 మధ్య ఉంటుందని అంచనా. 2017లో కేంద్ర ప్రభుత్వమే వీటిని అంతరించిపోయే జాతుల జాబితా నుంచి ఒక మెట్టు కిందకు, ముప్పు ఉన్న జాతుల జాబితాలోకి మార్చింది. సంఖ్య పెరుగుతుంటే జోన్లు మాత్రం తగ్గవు. పైగా కొన్ని కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) సొంత స్థలం ముందు బోటు కట్టేసే డాక్ కట్టుకోవాలన్నా ఎన్ని బోట్లు పెట్టుకోవచ్చో మానటీల రక్షణ కోసం వేసిన ప్లాన్ చూసి చెబుతారు. బోటు వాళ్లందరూ మానటీలకు శత్రువులన్నట్టు మాట్లాడితే బాధగా ఉంటుంది. నీళ్లంటే ఇష్టం ఉన్నవాళ్లమే కదా మేమూ.

శైలు (గెయిన్స్‌విల్):
వేణు గారూ, శత్రువులని నేను అనలేదండీ, అనను కూడా. ఒక్క మాట మాత్రం. 1991 నాటిది ఆరోజు కళ్లకు కనపడ్డవాటి లెక్క. 2021-22ది కనపడనివాటిని కూడా కలిపి వేసిన అంచనా. రెండూ ఒకే రకం లెక్కలు కావు. పెరిగిన మాట నిజమే, కానీ ఏడెనిమిది రెట్లు పెరిగాయని దాన్నిబట్టి అనకూడదు. ఇంకోటి, పెరిగింది ఈ రూల్స్ ఉన్నందువల్ల కూడా. ఆడ మానటీ రెండు నుంచి ఐదేళ్లకు ఒక్క పిల్లని కంటుంది. కడుపుతో ఏడాది పైనే ఉంటుంది. పిల్ల రెండేళ్ల దాకా తల్లి వెంటే తిరుగుతుంది. ఇంత నెమ్మదిగా పెరిగే జాతిలో పెద్దవి చనిపోతే ఆ లోటు తీరడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఏటా వంద దాకా బోట్ల వల్లే పోతున్నాయి. 2019లో అయితే 130 దాటాయి.

మెల్‌బోర్న్ పెద్దాయన:
రఘూ, కొత్తగా బోటు కొన్నావు కదా, ముందు బోర్డులు చదవడం నేర్చుకో నాయనా. మన పిల్లలకు అక్కడే తికమక. ఐడిల్ స్పీడ్ అంటే స్టీరింగ్ మాట వినడానికి ఎంత వేగం కావాలో అంతే, అంతకంటే ఒక్క పిసరు కూడా ఎక్కువ కాదు. స్లో స్పీడ్ అంటే బోటు ముక్కు పైకి లేవకుండా, పూర్తిగా నీళ్లలో కూర్చుని ఉండాలి, వెనక పెద్ద అల లేవకూడదు. చాలామంది మీటర్లో అంకె చూస్తారు. అంకె కాదు చూడాల్సింది, బోటు కూర్చున్న తీరు చూడాలి. వెనక్కి తిరిగి నీళ్లు చూస్తే నీకే తెలిసిపోతుంది. బోర్డు మీద నారింజ రంగు వలయం ఉంటే వేగం మీద ఆంక్ష. డైమండ్ ఆకారంలో అడ్డగీతలు ఉంటే లోపలికే వెళ్లకూడదు. మీ దగ్గర బిగ్ బెండ్ పవర్ ప్లాంట్ వేడినీళ్లు వదిలే కాలువ ఉంది కదా, చలికాలంలో అందులోకి బోట్లు పోకూడదు. నీళ్లు 68 డిగ్రీల ఫారన్‌హీట్‌కి తగ్గితే మానటీలు తట్టుకోలేవు, అందుకే వందల కొద్దీ అక్కడ చేరతాయి. ఒడ్డున వాటిని చూడటానికి ఏర్పాటు ఉంది, టికెట్ లేదు. మీ మూడు కుటుంబాలూ బోటు ఎక్కకముందు ఒకసారి అక్కడికి వెళ్లి పిల్లలకి చూపించండి.

టాంపా రఘు:
పెద్దాయన గారూ, చాలా థ్యాంక్సండీ. డైమండ్‌కీ వలయానికీ తేడా ఇప్పటిదాకా నాకు తెలియదు. నడపడానికి ఏదో కార్డు కావాలంటున్నారు, అది మా అందరికీ అవసరమా?

మెల్‌బోర్న్ పెద్దాయన:
1988 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు, 10 హార్స్‌పవర్ లేదా అంతకు మించిన ఇంజన్ ఉన్న బోటు నడపాలంటే సేఫ్టీ కోర్సు చేసి కార్డు తీసుకోవాలి. మీ తరంలో చాలామంది ఆ లెక్కలోకే వస్తారు. ముందు పుట్టినవాళ్లకి చట్టప్రకారం అక్కర్లేదు. నా అభిప్రాయం అడిగితే అది సరికాదు. యాభై ఏళ్ల వయసులో మొదటిసారి బోటు కొన్నవాడికి కూడా ఏమీ తెలియదు కదా. వయసుతో సంబంధం లేకుండా మీరు ముగ్గురూ ఆ కోర్సు చేయండి. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో అయిపోతుంది.

జాక్సన్‌విల్ సత్య:
ఈ చర్చ చదువుతుంటే మా ఊరు గుర్తొచ్చింది. మాది కాకినాడ దగ్గర మత్స్యకార కుటుంబం. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం, మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం అని అందరికీ తెలుసు. మా తాతల కాలం వాళ్లకి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా నిషేధం పెట్టిన కొత్తలో గొడవలే, ఎందుకంటే రెండు నెలలు ఇల్లు గడవాలి. ప్రభుత్వం భృతి ఇవ్వడం మొదలుపెట్టాక, తర్వాత వలలో చేపలు బాగా పడుతున్నాయని వాళ్ల కళ్లతో చూశాక, గొడవ తగ్గింది. ఇక్కడ సరదాకి బోటు తిప్పేవాళ్లకి పొట్టకూటి సమస్య లేదు. పోయేది అరగంట. దానికే ఇంత గొడవ ఎందుకో నాకర్థం కాదు.

ఫోర్ట్ మయర్స్ వేణు:
సత్యా, ఇక్కడ కూడా నీళ్ల మీద బతికేవాళ్లున్నారు తమ్ముడూ. ఫిషింగ్ గైడ్లు, పీతల వాళ్లు, బోట్లు అద్దెకిచ్చేవాళ్లు, రిపేర్ షాపులు. అరగంట అటు, అరగంట ఇటు పోతే గైడ్‌కి రోజుకి ఒక ట్రిప్పు తగ్గుతుంది. వాళ్లకి ఎవరూ భృతి ఇవ్వరు. అందుకే జోన్ ఎక్కడ పెట్టాలి, ఏ నెలల్లో పెట్టాలి అన్నది గీత గీసినట్టు జాగ్రత్తగా నిర్ణయించాలంటున్నాను. మానటీలు నవంబరులో వచ్చి మార్చికి వెళ్లిపోయే చోట ఏడాది పొడవునా స్లో జోన్ దేనికి?

ఇంకో సందేహం కూడా ఉంది. మానటీలకి సన్నటి శబ్దాలు వినపడినంత బాగా లోతు గొంతు శబ్దాలు వినపడవని, నెమ్మదిగా పోయే బోటు చప్పుడు అలాంటిదే కాబట్టి అవి గుర్తుపట్టలేవని కొందరు పరిశోధకులు వాదించారు. మరి వేగం తగ్గిస్తే ప్రమాదం పెరగదా?

శైలు (గెయిన్స్‌విల్):
మంచి ప్రశ్న అండి. ఆ వాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయను. కానీ వినపడటం ఒక్కటే చాలదు కదా. వినపడ్డాక అది లేచి, లోతుకి పోవడానికి టైము కావాలి. మామూలుగా మానటీ గంటకు మూడు నుంచి ఐదు మైళ్లు ఈదుతుంది. లోతు తక్కువగా ఉన్న చోట కిందకి పోదామన్నా చోటు లేదు. పైనుంచి నడిపేవాడు చూసి తప్పించాలన్నా నెమ్మదిగా ఉంటేనే కుదురుతుంది.

ఏ నెలల్లో అన్న విషయంలో మీతో ఏకీభవిస్తాను. కాలాన్ని బట్టి పెట్టే జోన్లు చాలాచోట్ల ఉన్నాయి. క్రిస్టల్ రివర్ ఊళ్లోని కింగ్స్ బేలో మానటీలకి వదిలేసిన రక్షిత స్థలాల గీతలు నవంబరు 15 నుంచి మార్చి 31 దాకానే. ఏడాదంతా మానటీలు గడ్డి మేసే చోట్ల మాత్రం ఏడాదంతా ఉండాల్సిందే.

క్రిస్టల్ రివర్ మాధవి:
కింగ్స్ బే పేరు రాగానే ఆగలేకపోయాను. మాకు ఇక్కడ చిన్న మోటెల్ ఉంది. చలికాలం వ్యాపారం అంతా మానటీల పుణ్యమే. ఊటల్లో నీళ్లు ఏడాదంతా 72 డిగ్రీల దగ్గరే ఉంటాయి కాబట్టి చలి పెరిగితే వందల కొద్దీ వచ్చేస్తాయి. వాటితోపాటు ఈత కొట్టడానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వస్తారు. కాబట్టి మా ఊరికి మానటీలూ కావాలి, బోట్లూ కావాలి.

నేను చూసింది చెబుతాను. టూర్ బోటు ఎక్కేముందు ఎలా మెలగాలో చెప్పే వీడియో అందరికీ చూపించాలి, అది నిబంధన. వెంటపడకూడదు, చుట్టుముట్టకూడదు, పడుకున్నదాన్ని లేపకూడదు, పిల్లనీ తల్లినీ విడదీయకూడదు. నీళ్లలో చప్పుడు లేకుండా తేలుతూ ఉండాలి, అంతే. ఆ వీడియో చూసి నీళ్లలో దిగినవాళ్ల పద్ధతే వేరు. సొంతంగా కయాక్ వేసుకుని వచ్చినవాళ్లు, బోటు అద్దెకు తీసుకున్నవాళ్లు ఆ వీడియో చూడకుండానే దిగుతారు. ఫొటో కోసం తల్లికీ పిల్లకీ మధ్యలోకి పోయేది ఎక్కువగా వాళ్లే. చెడ్డవాళ్లని కాదు, వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

వేణు గారికి ఒక సంగతి. 2012లో మానటీల హోదా తగ్గించమని కేంద్రానికి పిటిషన్ పెట్టింది మా ఊళ్లోని 'సేవ్ క్రిస్టల్ రివర్' అనే సంస్థే. కొత్త ఆంక్షలు మరీ ఎక్కువయ్యాయని వాళ్ల బాధ. అదే సంస్థ తర్వాత కింగ్స్ బే అడుగున పేరుకుపోయిన నాచునీ బురదనీ లాగించేసి, ఎకరాల కొద్దీ ఈల్‌గ్రాస్ అనే నీటి గడ్డి నాటించింది. ఇప్పుడు నీళ్లు తేటపడ్డాయి, మానటీలకి మేత దొరుకుతోంది. ఆంక్షల మీద కొట్లాడినవాళ్లే గడ్డి నాటారు. అందుకే ఎవర్నీ ఒక పక్కన నిలబెట్టేయకూడదని నా అభిప్రాయం.

మెల్‌బోర్న్ పెద్దాయన:
మాధవమ్మా, గడ్డి మాట ఎత్తావు, నా మనసులో మాట అది. సముద్రం పక్కనే ఉన్న పెద్ద ఉప్పునీటి మడుగు, ఇండియన్ రివర్ లగూన్ ఒడ్డున ఉంటున్నాను. 2011లో నాచు విపరీతంగా పెరిగి నీళ్లు పచ్చబడిపోయాయి. ఎండ అడుగుకి చేరక, మానటీలు మేసే సీగ్రాస్ అనే నీటి అడుగు గడ్డి చచ్చిపోవడం మొదలైంది. ఆ తర్వాతి పదేళ్లలో సగానికి పైగా గడ్డి పోయింది. 2021లో ఫ్లోరిడా మొత్తం మీద 1,100 దాకా మానటీలు చనిపోయాయి. మా వైపు పోయినవి ఎక్కువగా ఆకలితోనే. బక్కచిక్కిపోయి, మెడ దగ్గర గుంటపడి, చర్మం వేలాడుతూ ఉన్నవాటిని చూశాను. అంత పెద్ద జంతువుకి మెడ కనపడటమేంటి? ఆ చలికాలంలో కేప్ కెనావెరల్ పవర్ ప్లాంట్ దగ్గర అధికారులే రెండు లక్షల పౌండ్లకు పైగా లెట్యూస్ (సలాడ్ ఆకు) వేశారు. అడవి జంతువుకి మేత వేయాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎంత దూరం పోయిందో చూడండి.

ఈ పాపం బోట్లది కాదు. సెప్టిక్ ట్యాంకులది, మురుగునీటిది, మన ఇళ్ల ముందు లాన్లకి వేసే ఎరువులది. మా బ్రెవార్డ్ కౌంటీలో జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా లాన్‌కి నత్రజని, భాస్వరం ఎరువు వేయకూడదు, వర్షాకాలం కదా, అంతా కొట్టుకుపోయి లగూన్‌లో చేరుతుందని. 2016లో జనం ఓటేసి డాలరుకి అర సెంటు సేల్స్ ట్యాక్స్ కట్టుకోవడానికి ఒప్పుకున్నారు, అదంతా లగూన్ బాగుకే. అయినా మన తెలుగు ఇళ్లలోనే జూలైలో ఎరువు చల్లించేవాళ్లున్నారు. లాన్ కాంట్రాక్టర్ చేశాడు, మాకేం తెలుసు అంటారు. అడగాలి కదా! బోటువాడు అరగంట పోగొట్టుకోవాలి, మనం మాత్రం లాన్ పచ్చగా ఉంచుకోవాలి అంటే న్యాయం కాదు.

ఫోర్ట్ మయర్స్ వేణు:
పెద్దాయన గారూ, నా మనసులో ఉన్నదే చెప్పారు. బోటు వాళ్ల మీద రూల్ పెట్టడం సులభం, బోర్డు పాతితే చాలు. మురుగునీటి పైపులు మార్చాలంటే వందల కోట్లు. అందుకని మా మీదే పడతారు. సరే, వేగం తగ్గించడానికి నాకు అభ్యంతరం లేదు, అసలు సమస్యని పక్కనపెట్టి మమ్మల్ని మాత్రమే పట్టుకుంటేనే అభ్యంతరం.

శైలు (గెయిన్స్‌విల్):
రెండూ ఒకదానికొకటి ముడిపడే ఉన్నాయండి. గడ్డి పోయిన చోట మానటీ మేత కోసం ఎక్కువ దూరం తిరుగుతుంది, బోట్లు నడిచే కాలువలు ఎక్కువసార్లు దాటుతుంది. నీరసంగా ఉన్నది తప్పుకోలేదు. ఆకలి ఉన్న ఏడాదే జోన్ల అవసరం ఇంకా ఎక్కువ.

జోన్ గీతల గురించి వేణు గారి బాధకి చట్టంలోనే ఒక దారి ఉంది. రాష్ట్రం ఒక కౌంటీలో కొత్త మానటీ జోన్ పెట్టాలన్నా, ఉన్నదాన్ని మార్చాలన్నా ముందు ఆ కౌంటీకి తెలియజేయాలి. కౌంటీ ఒక స్థానిక కమిటీ వేసుకోవచ్చు. అందులో సగం మంది బోటు వాళ్లు, జాలర్లు, నీళ్లు వాడుకునేవాళ్లు. మిగతా సగం మానటీల తరఫున, పర్యావరణం తరఫున మాట్లాడేవాళ్లు. ఇంటి దగ్గరి కాలువ సంగతి రోజూ తిరిగేవాడికి తెలిసినంతగా ఆఫీసులో మ్యాపు చూసేవాళ్లకి తెలియదు. మనవాళ్లు ఎవరైనా ఇలాంటి మీటింగులకి వెళ్తారా? జరిమానా టికెట్ వచ్చాకే అందరికీ రూల్ గుర్తొస్తుంది.

ఫోర్ట్ మయర్స్ వేణు:
ఆ కమిటీ సంగతి విన్నాను, ఎప్పుడూ వెళ్లలేదు. ఈసారి మా కౌంటీలో పడితే పేరు ఇస్తాను. డాక్‌ల లెక్క విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. ఒక్క బోటు పెట్టుకునే ఇంటి డాక్‌నీ, రెండొందల బోట్ల మెరీనానీ ఒకే ప్లాన్‌లో చూడకూడదు.

శైలు (గెయిన్స్‌విల్):
ఇంటి డాక్‌లు వందలు కలిస్తే ఒక మెరీనాతో సమానమవుతాయని నేను అంటాను. ఇక్కడ మనం ఒప్పుకోము లెండి, కమిటీలో తేల్చుకోండి!

జాక్సన్‌విల్ సత్య:
వేణన్నా, గైడ్ల సంగతి నేను ఆలోచించలేదు. నిజమే, ఆదాయం పోయేవాళ్లని ముందు కూర్చోబెట్టి మాట్లాడితేనే రూల్ నిలబడుతుంది. మా ఊళ్లో జరిగింది అదే.

టాంపా రఘు:
మా పార్ట్‌నర్‌కి ఈ చర్చ మొత్తం పంపించాను. వీపు మచ్చల ఫొటో చూసి కాసేపు మాట్లాడలేదు. "రెండు సెకన్లు" అన్న లెక్క ఆయనకి బాగా పట్టింది. ఇప్పుడు అసలు ప్రశ్న: నీళ్లలో మానటీ ఉందని ముందే ఎలా తెలుస్తుంది? మా బే నీళ్లు క్రిస్టల్ రివర్‌లా తేటగా ఉండవు.

క్రిస్టల్ రివర్ మాధవి:
పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకోండి, నీటి మీద మెరుపు పోయి లోపల కనపడుతుంది. నీటి పైన నున్నటి గుండ్రటి మడుగులు ఒకదాని తర్వాత ఒకటి కనపడితే కింద మానటీ పోతోందని అర్థం, తోక ఊపినప్పుడల్లా ఒకటి పైకొస్తుంది. మూడు నుంచి ఐదు నిమిషాలకొకసారి ముక్కు పైకి తేలుస్తుంది, బుస్సుమని గాలి వినపడుతుంది. పడుకున్నప్పుడు మాత్రం ఇరవై నిమిషాల దాకా పైకి రాకపోవచ్చు. ఒకటి కనపడిందంటే పక్కన ఇంకోటి, పిల్ల ఉండొచ్చు. ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టి, అది దాటిపోయేదాకా ఆగండి. బోటులో పిల్లల్లో ఒకరిని ముందు కూర్చోబెట్టి చూడమనండి, పెద్దవాళ్లకంటే వాళ్లే ముందు కనిపెడతారు. ఒడ్డున గడ్డి మీంచి కాకుండా లోతు ఉన్న ఛానెల్‌లోనే నడపండి. గడ్డి మీద ప్రొపెల్లర్ తగిలిందంటే ఆ గాటు పూడటానికి ఏళ్లు పడుతుంది.

శైలు (గెయిన్స్‌విల్):
ఎవరి బోటైనా పొరపాటున తగిలితే పారిపోకండి, దయచేసి. జోన్ రూల్ పాటిస్తూ నడిపినప్పుడు తగిలితే, మీరే ఫోన్ చేసి చెప్పినందుకు కేసు పెట్టే ఉద్దేశం అధికారులకి ఉండదు. ఎంత త్వరగా చెబితే అంత బతికే అవకాశం. ఫ్లోరిడా రాష్ట్ర వన్యప్రాణి సంస్థ నంబరు 888-404-3922, బోటు రేడియోలో అయితే ఛానెల్ 16. ఒక పక్కకి ఒరిగి తేలుతున్నా, ఒంటరి పిల్ల కనపడినా, తాడు చుట్టుకుని ఉన్నా చెప్పండి. మీరే లాగడానికి, నెట్టడానికి ప్రయత్నించకండి. వేధించినట్టు తేలితే రాష్ట్ర చట్టం కింద 500 డాలర్ల దాకా జరిమానా, 60 రోజుల దాకా జైలు ఉన్నాయి. కేంద్ర చట్టం కింద 50,000 డాలర్ల దాకా, ఏడాది జైలు.

కొత్త సభ్యురాలు లక్ష్మి (మెరిట్ ఐలాండ్):
ఆలస్యంగా వచ్చాను. మా ఇంటి వెనక కెనాల్‌లోకి ఒక మానటీ వస్తుంది. డాక్ మీద హోస్ పైపు కారుతుంటే నోరు పెట్టి నీళ్లు తాగుతుంది. మా పాప ఇంట్లో మిగిలిన లెట్యూస్ కూడా వేస్తానంటోంది. పాపం దాహంతో ఉంది కదా, ఇస్తే తప్పా?

శైలు (గెయిన్స్‌విల్):
లక్ష్మి గారూ, ఇవ్వకండి. నీళ్లు పెట్టడం, మేత వేయడం రెండూ చట్టవిరుద్ధమే. అధికారులు లెట్యూస్ వేసింది ప్రత్యేక అనుమతితో, ఒకే చోట, బోట్లు రాని చోట. మీ డాక్ దగ్గర నీళ్లు దొరుకుతాయని అలవాటైతే అది పక్కింటి డాక్ దగ్గరికీ పోతుంది, నడుస్తున్న బోటు దగ్గరికీ పోతుంది. బోటు చప్పుడంటే భయపడాల్సింది, ఎదురెళ్తుంది. ఆ హోస్ కారకుండా కుళాయి కట్టేయండి, వాషర్ మార్పించండి. పాపకి డాక్ మీద కూర్చుని దాని మచ్చలు బొమ్మ గీయమనండి, ఫొటో తీయమనండి. మళ్లీ వచ్చినప్పుడు అదేనా కాదా అని తనే గుర్తుపడుతుంది.

కొత్త సభ్యురాలు లక్ష్మి (మెరిట్ ఐలాండ్):
సరేనండి, కుళాయి ఇప్పుడే కట్టేశాను. ఫొటోలో తోక చివర సగం చీలి ఉంది, ఇక్కడ పెడతాను చూడండి.